రాయి అడ్డం పెట్టి ఎన్నాళ్లు? హ్యాండ్ బ్రేకు షూల సంగతి చూడండి

రోలుగుంట: బండి ఆగుతుంది. డ్రైవర్ హ్యాండ్ బ్రేకు లాగుతాడు. కానీ కాలు మాత్రం బ్రేకు పెడల్ మీద నుంచి తియ్యడు. వెనక కూర్చున్న కుర్రాడు గబగబా దిగి, రోడ్డు పక్కన వెతికి ఒక రాయి తెచ్చి చక్రం కింద పెడతాడు. "పెట్టేశా" అని కేక వేశాకే డ్రైవర్ కాలు తీస్తాడు. ఆ తర్వాతే ఆడవాళ్లు, పిల్లలు దిగడం మొదలవుతుంది.

చోడవరం, రోలుగుంట, నర్సీపట్నం వైపు ఊళ్లలో ఇది కొత్త దృశ్యం కాదు. నికాహ్‌కు వెళ్లినా, దర్గా జియారత్‌కు వెళ్లినా, ఆస్పత్రికి వెళ్లినా ఒకే బండిలో నానీ నుంచి చంటిపిల్ల వరకు ఇంటిల్లిపాదీ ఉంటారు. బండి ఆగగానే ముందు దూకేది పిల్లలు. వాళ్లు నేరుగా వెళ్లేది బండి వెనక్కే. ఆ సమయంలో బండిని ఆపి ఉంచుతున్నది ఒక్క రాయి మాత్రమే అయితే, ఆ రాయి జారితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

రాయి పెట్టడం తప్పు కాదు. బరువు బండిని వాలులో ఆపినప్పుడు చక్రానికి అడ్డం పెట్టడం మంచి అలవాటే. కానీ అది హ్యాండ్ బ్రేకుకు తోడుగా ఉండాలి, దాని బదులుగా కాదు. రోజూ రాయి లేకుండా బండి నిలబడట్లేదంటే హ్యాండ్ బ్రేకు పోయిందని బండే చెబుతున్నట్టు. దాన్ని బాగు చేయించడం పెద్ద ఖర్చూ కాదు, పెద్ద పనీ కాదు. అయితే ఆ పని ఎలా జరగాలో బండి యజమానికి తెలిసి ఉండాలి. తెలియకపోతే కేబుల్ ఒక చుట్టు బిగించి "అయిపోయింది భాయ్" అని పంపించేసే పనికే డబ్బులిచ్చి రావాల్సి వస్తుంది.

ఇక్కడి రోడ్లకు ఎందుకు ముఖ్యం?

రోలుగుంట మండలం 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా నుంచి కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. భీమిలి-నర్సీపట్నం రోడ్డు, అందరూ బీఎన్ రోడ్డు అనేది, ఈ మండలం మీదుగానే పోతుంది. ఒక పక్క చెరకు పొలాలు, ఇంకో పక్క కొండలు. నర్సీపట్నం దాటితే చింతపల్లి, లంబసింగి ఘాట్ మొదలవుతుంది. చోడవరం నుంచి మాడుగుల మీదుగా వెళ్తే పాడేరు ఘాట్. చలికాలంలో లంబసింగి మంచు చూడటానికి వెళ్లే కుటుంబాలు ఎక్కువ. మైదానంలో ఆపితే కదలని బండి, ఘాట్‌లో టీ కోసం ఆపిన చోట కదలడం మొదలుపెడుతుంది. హ్యాండ్ బ్రేకు అరిగిందన్న సంగతి చాలామందికి అక్కడే మొదటిసారి తెలుస్తుంది.

వానాకాలం బురద నీళ్లు, మట్టి రోడ్ల దుమ్ము డ్రమ్ముల్లోకి వెళ్లి పేరుకుంటాయి. మోతాదుకు మించిన బరువు కూడా తోడైతే బ్రేకు షూలు కంపెనీవాళ్లు అనుకున్న దానికంటే ముందే అరుగుతాయి.

హ్యాండ్ బ్రేకు ఎలా పని చేస్తుంది?

ఆల్టో, వ్యాగన్ ఆర్, ఓమ్ని, ఈకో, టాటా ఏస్, మ్యాజిక్, బొలెరో లాంటి మన వైపు ఎక్కువగా తిరిగే బళ్లలో వెనక చక్రాలకు డ్రమ్ము బ్రేకులుంటాయి. డ్రమ్ము అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నె లాంటిది. దాని లోపల అర్ధచంద్రాకారంలో రెండు షూలుంటాయి. షూ బయటి అంచుకు గరుకైన లైనింగ్ అతికించి ఉంటుంది. కాలితో బ్రేకు తొక్కితే బ్రేకు ఆయిల్ ఒత్తిడితో వీల్ సిలిండరు ఈ రెండు షూలను బయటికి నెడుతుంది. లైనింగ్ వెళ్లి డ్రమ్ము లోపలి గోడను పట్టుకుంటుంది, చక్రం ఆగుతుంది.

హ్యాండ్ బ్రేకు పట్టుకునేది కూడా ఈ షూలనే. తేడా ఒక్కటే, ఇక్కడ ఆయిల్‌తో పని లేదు. మీరు లివర్ లాగితే ఒక ఇనుప కేబుల్ లాగబడుతుంది. ఆ కేబుల్ చివర డ్రమ్ము లోపల వెనక షూకు బిగించిన చిన్న లివర్‌కు తగిలించి ఉంటుంది. ఆ లివర్ మధ్యలో ఉన్న అడ్డకడ్డీని నెడుతుంది, కడ్డీ ముందు షూను నెడుతుంది. అలా రెండు షూలూ డ్రమ్ముకు అతుక్కుంటాయి. బ్రేకు ఆయిల్ మొత్తం కారిపోయినా హ్యాండ్ బ్రేకు పట్టాలి. అందుకే దీన్ని వేరే దారిలో పెట్టారు.

షూలతో పాటు లోపల చిన్న చిన్న సామాన్లు చాలా ఉంటాయి. షూలను వెనక్కి లాగే రిటర్న్ స్ప్రింగులు, షూను ప్లేటుకు ఆనించి పట్టి ఉంచే పిన్ను-స్ప్రింగు-వాషరు, షూ అరిగే కొద్దీ దూరాన్ని సరిచేసే అడ్జస్టరు, లివర్‌ను పట్టి ఉంచే క్లిప్పు. వీటినే కిట్ అంటారు. చాలాచోట్ల షూలు మార్చి ఈ కిట్ పాతదే వేసేస్తారు. చాలా ఇబ్బందులు మొదలయ్యేది అక్కడే.

అన్ని బళ్లకూ ఒకటే పద్ధతి కాదు

నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులున్న కొన్ని పెద్ద కార్లలో వెనక డిస్క్ మధ్యలో టోపీలా ఉన్న భాగం లోపల ఒక చిన్న డ్రమ్ము ఉంటుంది. అందులో హ్యాండ్ బ్రేకు కోసమే విడిగా చిన్న షూలుంటాయి. నడిచేటప్పుడు వాటికి పని ఉండదు కాబట్టి అరుగుదల తక్కువ. కానీ తుప్పు, స్ప్రింగులు విరగడం, లైనింగ్ ఊడిరావడం వీటికీ ఉంటాయి. మరికొన్ని కార్లలో హ్యాండ్ బ్రేకు నేరుగా డిస్క్ ప్యాడ్లనే నొక్కుతుంది.

లివర్ బదులు బటన్ ఉన్న కొత్త కార్లలో మోటారే బ్రేకు వేస్తుంది. చాలా మోడళ్లలో స్కానర్ పెట్టి సర్వీస్ మోడ్‌లోకి తీసుకెళ్లాకే వాటిని విప్పాలి. వాటిని రోడ్డు పక్కన విప్పించొద్దు.

పాత మహీంద్రా జీపులు కొన్నింటిలో హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర ఉండేదే కాదు. గేరు బాక్సు వెనక, ప్రొపెల్లర్ షాఫ్టు దగ్గర ఉండే డ్రమ్మును పట్టుకునేది. బస్సులు, పెద్ద లారీల్లో అయితే పని తలకిందులుగా ఉంటుంది. బలమైన స్ప్రింగు ఎప్పుడూ బ్రేకు వేసే ఉంచుతుంది, గాలి ఒత్తిడి వచ్చి దాన్ని వదిలిస్తుంది. అందుకే గాలి పోతే బండి కదలదు. ఆ స్ప్రింగు ఉన్న డబ్బాను తెలియనివాళ్లు విప్పితే ప్రాణాలకే ముప్పు. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా మామూలు డ్రమ్ము బ్రేకుల చిన్న బళ్ల గురించే.

పోయిందని ఎలా తెలుస్తుంది?

లివర్ లాగేటప్పుడు టిక్ టిక్ మని వచ్చే శబ్దాలను లెక్కపెట్టండి. చాలా చిన్న బళ్లలో నాలుగైదు నుంచి ఏడెనిమిది టిక్కుల లోపు గట్టిగా పట్టాలి. మీ బండికి ఎన్ని ఉండాలో మాన్యువల్‌లో రాసి ఉంటుంది. లివర్ నిటారుగా పైకి వచ్చేస్తున్నా పట్టు దొరకట్లేదంటే షూలు అరిగాయి, లేదా కేబుల్ సాగింది, లేదా అడ్జస్టరు పట్టేసింది.

చిన్న వాలులో బండి ఆపి, కాలు బ్రేకు మీదే ఉంచి హ్యాండ్ బ్రేకు లాగి, గేరు తీసేసి మెల్లగా కాలు తియ్యండి. బండి కదలకూడదు. ముందుకు వాలిన చోట ఒకసారి, వెనక్కి వాలిన చోట ఒకసారి చూడాలి. ఈ పరీక్ష చేసేటప్పుడు బండి ముందు, వెనక ఎవరూ ఉండకూడదు.

కొంతదూరం నడిపాక ఒక వెనక చక్రం దగ్గర మాత్రం కాలిన వాసన వస్తోందా? రిమ్ము పక్కన చెయ్యి పెడితే సెగ కొడుతోందా? షూ వెనక్కి రాకుండా డ్రమ్మును రాసుకుంటోందన్న మాట. లివర్ దించినా బండి బరువుగా లాగుతోందంటే కేబుల్ తుప్పు పట్టి ఇరుక్కుపోయి ఉండొచ్చు. టైరు లోపలి వైపు తడిగా, జిడ్డుగా కనిపిస్తే వీల్ సిలిండరు గానీ, ఏస్, ఓమ్ని, ఈకో, బొలెరో లాంటి వెనక చక్రాలు లాగే బళ్లలో యాక్సిల్ ఆయిల్ సీలు గానీ కారుతోంది. ఆయిల్ తగిలిన లైనింగ్ పనికిరాదు. పెట్రోలుతో కడిగి మళ్లీ వేసినా లోపలికి పీల్చుకున్న ఆయిల్ వేడికి మళ్లీ బయటికి వస్తుంది. కారే చోటు బాగు చేయకుండా కొత్త షూలు వేస్తే అవీ పాడవుతాయి.

ఇంకో సంగతి. గల్ఫ్‌లో పని చేసేవాళ్లు చాలామంది కారును ఇంటి ముందు హ్యాండ్ బ్రేకు లాగి నెలల తరబడి వదిలి వెళ్తారు. వానాకాలం గడిచేసరికి షూ, డ్రమ్ము కలిసి తుప్పు పట్టి అతుక్కుపోతాయి. తిరిగొచ్చాక బండిని బలవంతంగా కదిపితే లైనింగ్ ఊడి డ్రమ్ములో ముక్కలవుతుంది. ఎక్కువ రోజులు ఆపాల్సి వస్తే చదునైన చోట గేరులో ఉంచి, చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మలు పెట్టి, హ్యాండ్ బ్రేకు దించి వదలడం మేలు.

కేబుల్ బిగిస్తే చాలదా?

ఎక్కువమంది చేయించేది ఇదే. కేబుల్ నట్టు నాలుగు చుట్లు తిప్పితే లివర్ గట్టిపడుతుంది, పని అయిపోయినట్టే అనిపిస్తుంది. కానీ షూలు అరిగిపోయి ఉన్నప్పుడు కేబుల్ బిగిస్తే అరుగుదల కనపడకుండా దాచినట్టే. పైగా కేబుల్ ఎక్కువ బిగిస్తే షూలు పూర్తిగా వెనక్కి వచ్చి కూర్చోలేవు. అప్పుడు చాలా బళ్లలో లోపలి అడ్జస్టరు తన పని తాను చేసుకోలేదు. కొన్నాళ్లకు మళ్లీ లివర్ లూజు, మళ్లీ బిగింపు. చివరికి లైనింగ్ అయిపోయి షూ ఇనుము డ్రమ్మును గీకుతుంది. వందల్లో పోయే పని వేలల్లోకి వెళ్తుంది.

వరుస ఎప్పుడూ ఒకటే. ముందు డ్రమ్ము విప్పి షూలు చూడాలి. తర్వాత షూకు, డ్రమ్ముకు మధ్య దూరం సరిచేయాలి. అన్నిటికన్నా చివర కేబుల్.

పని ఎలా జరగాలి?

ఈ పని ఇంట్లో చేసుకునేవాళ్లు తక్కువే. కానీ పక్కన నిలబడి చూసేవాళ్లకు ఏం జరుగుతుందో తెలిస్తే చాలు.

బండిని చదునైన, గట్టి నేల మీద పెట్టాలి. హ్యాండ్ బ్రేకు విప్పే పని కాబట్టి దాన్ని దించేయాలి. ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మలు పెట్టాలి. ముందు చక్రాలు లాగే ఆల్టో లాంటి బండి అయితే గేరులో ఉంచడం వల్ల కొంత ఆసరా ఉంటుంది. వెనక చక్రాలు లాగే ఏస్, ఓమ్ని లాంటి వాటిలో వెనక భాగం పైకి లేపాక గేరు వేసినా బండి ఆగదు. అక్కడ దిమ్మలే దిక్కు. వీల్ నట్లు బండి నేల మీద ఉన్నప్పుడే కాస్త లూజు చేయాలి. జాకీతో లేపాక తప్పనిసరిగా స్టాండ్ల మీద నిలపాలి. ఒక్క జాకీ మీద ఉన్న బండి పక్కన ఎవరూ కూర్చోకూడదు, ఇటుకలు పేర్చి దాని మీద నిలపకూడదు.

తర్వాత కేబుల్ లూజు చేసి డ్రమ్ము తియ్యాలి. కొన్ని బళ్లలో డ్రమ్ముకు మధ్యలో పెద్ద నట్టు ఉంటుంది, కొన్నింటిలో రెండు స్క్రూలే ఉంటాయి. మధ్య నట్టును కొన్ని మోడళ్లలో ఒకసారి విప్పితే కొత్తది వేయాలని కంపెనీలే చెబుతాయి. డ్రమ్ము రాకపోతే పెద్ద సుత్తితో అంచు మీద బాదకూడదు, అది పోత ఇనుము, పగులుతుంది. చాలా డ్రమ్ములకు మర ఉన్న రెండు రంధ్రాలుంటాయి. వాటిలో సరైన బోల్టులు వేసి రెండు వైపులా సమానంగా బిగిస్తే డ్రమ్ము తనంత తానే బయటికి వస్తుంది. ఆ రంధ్రాలు లేకపోతే వెనక ప్లేటులోని చిన్న కన్నం నుంచి అడ్జస్టరును వెనక్కి తిప్పాలి.

డ్రమ్ము వచ్చాక మొదట చేయాల్సింది ఫోటో తీయడం. ఏ స్ప్రింగు ఏ రంధ్రంలో ఉంది, ఏ కొక్కెం ముందుకు ఉంది, ఏది వెనక ఉంది అన్నది తర్వాత ఎవరికీ గుర్తుండదు. అంతకన్నా మంచి పద్ధతి ఒకటుంది. రెండు వైపులా ఒకేసారి విప్పకూడదు. ఒక వైపు పూర్తి చేసేదాకా రెండో వైపు అలాగే ఉంచితే, అనుమానం వచ్చినప్పుడల్లా దాన్ని చూసుకోవచ్చు. కానీ రెండూ అద్దంలో బొమ్మలా తిరగేసి ఉంటాయని మరిచిపోవద్దు.

స్ప్రింగులు తీసేటప్పుడు కళ్లకు అద్దాలు ఉండాలి. సాగి ఉన్న స్ప్రింగు జారితే నేరుగా ముఖం మీదికే వస్తుంది. పై స్ప్రింగు, తర్వాత పిన్నులు తిప్పి వాషర్లు, తర్వాత షూలు, కింది స్ప్రింగు. చివరికి వెనక షూ లివర్ నుంచి కేబుల్ ఊడదీయాలి. ఈ వరుస మోడల్‌ను బట్టి కొంచెం మారుతుంది. షూలు బయటికి వచ్చాక బ్రేకు పెడల్ ఎవరూ తొక్కకూడదు. తొక్కితే వీల్ సిలిండరు పిస్టన్లు బయటికి వచ్చేసి ఆయిల్ కారిపోతుంది. బండిలో పిల్లలు ఆడుకుంటుంటే ముందే దింపేయండి.

ఇప్పుడు చూడాల్సినవి నాలుగు. మొదటిది వీల్ సిలిండరు. రబ్బరు టోపీ అంచు కొద్దిగా ఎత్తి చూస్తే లోపల తడి కనిపిస్తే సిలిండరు బాగు చేయించాలి లేదా మార్చాలి. రెండోది డ్రమ్ము. లోపలి గోడ మీద వేలితో రాస్తే గాడులు తగలకూడదు. డ్రమ్ము ఎంతవరకు అరగొచ్చో గరిష్ఠ వ్యాసం చాలా డ్రమ్ముల మీదే అచ్చు వేసి ఉంటుంది. లేత్ మీద కోయించినా ఆ కొలత దాటకూడదు. దాటిన డ్రమ్ము పల్చబడుతుంది, కొత్త షూలు వేసినా పట్టు రాదు. మూడోది అడ్జస్టరు. మరలు శుభ్రం చేసి చేత్తో తిప్పితే సాఫీగా తిరగాలి. ఎడమది కుడికి, కుడిది ఎడమకు వేస్తే బిగుసుకోవాల్సింది వదులవుతుంది. నాలుగోది కేబుల్. పై తొడుగులో లోపలి తీగ సాఫీగా జారాలి. ఒక్క పోగు తెగినా కేబుల్ మార్చేయడమే.

కొత్త షూ మీద హ్యాండ్ బ్రేకు లివర్ ఉండకపోవచ్చు. పాత వెనక షూ నుంచి తీసి కొత్తదానికి బిగించి, కొత్త క్లిప్పు వేయాలి. కొన్ని సెట్లలో ముందు షూ, వెనక షూ లైనింగ్ పొడవు ఒకేలా ఉండదు. తారుమారైతే పట్టు తగ్గుతుంది. ప్లేటు మీద షూ ఆనే చోట్ల మాత్రమే వేడిని తట్టుకునే బ్రేకు గ్రీజు పలచగా రాయాలి. గ్రీజు గానీ, జిడ్డు చేతులు గానీ లైనింగ్‌కు, డ్రమ్ము లోపలికి తగలకూడదు.

అంతా వేశాక డ్రమ్ము పెట్టి చేత్తో తిప్పాలి. షూ డ్రమ్మును చాలా పలచగా తాకుతున్నట్టు చిన్న సవ్వడి రావాలి, చక్రం మాత్రం తేలికగా తిరగాలి. రెండు వైపులా అయ్యాక కాలి బ్రేకును చాలాసార్లు తొక్కితే షూలు మధ్యలోకి సర్దుకుంటాయి. ఆ తర్వాతే కేబుల్ సరిచేయాలి. లివర్ దించితే రెండు చక్రాలూ తేలికగా తిరగాలి, సరైన టిక్కులు లాగితే రెండూ ఒకేసారి బిగుసుకోవాలి. ఒకటి ముందు, ఒకటి తర్వాత పడితే ఒక వైపు ఏదో తేడా ఉన్నట్టే. వీల్ నట్లు ఎదురెదురుగా బిగించి, బండి దించాక మరోసారి గట్టి చేయాలి. ఆయిల్ పైపు విప్పి ఉంటే గాలి తీయాల్సిందే. ఏ బ్రేకు ఆయిల్ పోయాలో, డాట్ 3 లేక డాట్ 4, డబ్బా మూత మీదే రాసి ఉంటుంది.

కొత్త షూలు డ్రమ్ముకు సర్దుకోవడానికి కొంత నడక పడుతుంది. మొదటి రోజుల్లోనే నిండు బరువుతో ఘాట్ ఎక్కకుండా ఉంటే మంచిది. వారం పది రోజులు తిరిగాక టిక్కులు మళ్లీ లెక్కపెట్టుకోండి.

స్ప్రింగులు పాతవే వేస్తే ఏమవుతుంది?

బ్రేకు వేసిన ప్రతిసారీ డ్రమ్ము వేడెక్కుతుంది. ఏళ్ల తరబడి ఆ వేడికి స్ప్రింగు బిగువు పోతుంది. బిగువు లేని స్ప్రింగు షూను పూర్తిగా వెనక్కి లాగలేదు. షూ రాసుకుంటుంది, వేడి పెరుగుతుంది, కొత్త లైనింగ్ తొందరగా అరుగుతుంది, మైలేజీ తగ్గుతుంది. తుప్పు పట్టిన స్ప్రింగు విరిగి డ్రమ్ములో పడితే చక్రమే బిగుసుకుపోవచ్చు. అందుకే షూలతో పాటు కిట్ కూడా మార్చడం మంచిది. షూలు కూడా ఒక వైపువే కాదు, ఒక యాక్సిల్‌కు రెండు వైపులా కలిపే మార్చాలి.

గాలితో ఊదించొద్దు

ఇది మన ఇళ్లకు దగ్గరి విషయం. 2006 నవంబరులో వచ్చిన సచార్ కమిటీ నివేదిక, ముస్లిం కార్మికుల వాటా ఎక్కువగా ఉన్న పనుల్లో రోడ్డు రవాణాను, వాహనాల మరమ్మతును కూడా చూపించింది. బండి నడిపేవాళ్లే కాదు, డ్రమ్ము విప్పే చేతులు కూడా మన ఇళ్లలోని అబ్బాయిలవే కావొచ్చు.

డ్రమ్ము విప్పగానే లోపల నల్లటి దుమ్ము ఉంటుంది. చాలా షెడ్లలో దాన్ని కంప్రెసర్ గాలితో ఒక్కసారి ఊదేస్తారు. ఆ దుమ్మంతా అక్కడున్న వాళ్ల ఊపిరిలోకి పోతుంది. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ వాడేవారు. ఏ రకం ఆస్బెస్టాస్ అయినా క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ జబ్బు పీల్చిన రోజు కనపడదు, ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత బయటపడుతుంది. లైనింగ్‌లో ఏముందో కంటితో చూసి చెప్పలేం. కాబట్టి ఊదకూడదు. సబ్బు నీళ్లతో గానీ బ్రేకు క్లీనర్‌తో గానీ తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయాలి. ముక్కుకు మంచి మాస్కు ఉండాలి. బండి యజమాని "ఊదొద్దు భాయ్, కడుగు" అని ఒక్క మాట చెబితే ఒక కుర్రాడి ఊపిరితిత్తులకు మేలు చేసినవాడవుతాడు. పక్కన నిలబడే తన పిల్లలకు కూడా.

ఖర్చు, బిల్లు

ధర బండిని బట్టి, కంపెనీని బట్టి మారుతుంది. చిన్న బళ్లకు షూ సెట్టు ఒక కొత్త టైరు ధర కన్నా తక్కువే ఉంటుంది. కానీ నకిలీ సరుకుతో జాగ్రత్త. పెట్టె మీద అక్షర దోషాలు, ఊడిపోయేలా ఉన్న లైనింగ్, మరీ తక్కువ ధర కనిపిస్తే వదిలేయండి. బిల్లు అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాలన్నింటికీ 18 శాతం జీఎస్టీయే. అంతకు ముందు చాలావాటి మీద 28 శాతం ఉండేది. ఇప్పటికీ 28 అని చెబితే బిల్లు చూపించమనండి. బిల్లు ఉంటేనే సరుకు తేడా వచ్చినప్పుడు అడిగే హక్కు ఉంటుంది. పాత షూలను కూడా తిరిగి ఇమ్మనండి. ఎంత అరిగాయో, మార్చారో లేదో మీ కళ్లకే తెలుస్తుంది.

చట్టం ఏం చెబుతోంది?

1988 మోటారు వాహనాల చట్టంలోని 126వ సెక్షన్ ఆపి ఉంచిన బండి గురించే. లైసెన్సు ఉన్నవాళ్లు డ్రైవర్ సీట్లో లేకుండా బండిని బహిరంగ ప్రదేశంలో వదిలితే, ఇంజను ఆపి బ్రేకు వేసి ఉండాలి, లేదా బండి దానంతట అది కదలకుండా వేరే ఏర్పాటు చేసి ఉండాలి. ‘నేను బండిలో లేను’ అన్నది సాకు కాదు. బాధ్యత నడిపిన వ్యక్తిదే.

ఆటో, మ్యాజిక్, ఏస్ లాంటి రవాణా బళ్లకు ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించుకోవాలి. బ్రేకులు అందులో భాగమే. కానీ ఫిట్‌నెస్ రోజు కోసం బాగు చేయించి, ఆ మర్నాటి నుంచి రాయి వెతుక్కుంటే ఉపయోగం లేదు.

బండి ఆపేటప్పుడు ఇవి మరవొద్దు

బండి ఆగాక కాలి బ్రేకు మీదే ఉండి హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగండి. న్యూట్రల్‌లో మెల్లగా కాలు తీసి, బరువు హ్యాండ్ బ్రేకు మీద నిలబడిందని చూసుకోండి. తర్వాత ఇంజను ఆపి గేరు వేయండి. ఎత్తు వైపు ముఖం ఉంటే మొదటి గేరు, పల్లం వైపు ఉంటే రివర్స్ గేరు. ఒకవేళ కదిలినా రోడ్డు మీదికి, లోయ వైపు పోకుండా గట్టుకు తగిలి ఆగేలా ముందు చక్రాలు తిప్పి ఉంచండి.

రాయి బదులు బండిలో రెండు చెక్క దిమ్మలు పెట్టుకోండి. ఏటవాలుగా కోసిన దిమ్మ టైరుకు అతుక్కుని ఉంటుంది, గుండ్రటి రాయిలా దొర్లదు. ముఖ్యంగా, వెళ్లేటప్పుడు తీసి బండిలో వేసుకోండి. రోడ్డు మధ్య వదిలేసిన రాయి చీకట్లో వచ్చే బైకువాడికి ప్రాణగండం.

పిల్లలకు ఒక అలవాటు నేర్పండి. బండి దిగితే పక్కకు పోవాలి గానీ వెనక్కి, ముందుకు పోకూడదు. ఆగి ఉన్న బండి వెనక ఆడుకోకూడదు.

ఈ శుక్రవారం జుమాకు బయల్దేరే ముందు ఒక్క నిమిషం పెట్టి లివర్ లాగి టిక్కులు లెక్కపెట్టండి. ఎక్కువ వస్తే కేబుల్ బిగించమని కాదు, డ్రమ్ము విప్పి చూడమని చెప్పండి. నమాజ్ అయ్యాక పిల్లలంతా పరుగెత్తుకొచ్చేది ఆ బండి దగ్గరికే.